గుడ్డు పగలగొట్టి చూసినవాళ్లు

ఇవాళ గుడ్డు గురించి మాట్లాడుకుందాం. కోడిపెట్టను పొదగేస్తే 21 రోజులకు పిల్లలు బయటికొస్తాయని ఊళ్లో పెరిగినవాళ్లందరికీ తెలుసు. మరి మొదటి రోజుకీ ఆఖరి రోజుకీ మధ్య ఆ పెంకు లోపల ఏం జరుగుతుంది? పచ్చసొన, తెల్లసొన తప్ప ఇంకేమీ కనపడని చోటికి కళ్లూ ముక్కూ రెక్కలూ ఎక్కణ్నుంచి వస్తాయి? దాదాపు 2,400 ఏళ్ల కిందట ఈ ప్రశ్న వేసుకుని, ఊహించి ఊరుకోకుండా గుడ్డు పగలగొట్టి చూసిన గ్రీకుల కబుర్లు ఇవి.

హిపోక్రటీస్ పేరు మీద మనకు దక్కిన వైద్యగ్రంథాల్లో, గర్భంలో శిశువు ఎలా పెరుగుతుందో చెప్పే పుస్తకం ఒకటుంది. అందులో ఒక సలహా ఇచ్చారు. ఇరవై గుడ్లో అంతకు మించో తీసుకుని రెండు మూడు పెట్టల కింద పెట్టండి, రెండో రోజు నుంచి రోజుకొకటి తీసి పగలగొట్టండి, వరసగా చూసుకుంటూ పోతే మనిషి బిడ్డ పెరిగే తీరుకీ దీనికీ ఉన్న పోలిక మీకే తెలుస్తుంది అని. ఆలోచించండి, దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. గుడ్లు, ఓపిక, రెండు కళ్లు ఉంటే చాలు.

ఆ తర్వాతి తరంలో ఈ పనిని అందరికంటే శ్రద్ధగా చేసినవాడు అరిస్టాటిల్. తండ్రి నికోమాకస్ మాసిడోనియా రాజుగారి వైద్యుడు. కొడుకు పదిహేడో ఏట ఏథెన్స్‌కొచ్చి ప్లేటో దగ్గర ఇరవై ఏళ్లున్నాడు. గురువు పోయాక ఆసియా తీరానికీ, అక్కణ్నుంచి క్రీ.పూ. 345 ప్రాంతంలో లెస్బోస్ దీవికీ వెళ్లాడు. ఆ దీవి నడుమ దాకా చొచ్చుకొచ్చిన ఒక సముద్రపు కయ్య ఉంది. అక్కడి చేపల, గవ్వల ప్రస్తావన ఆయన పుస్తకాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. జాలర్లనూ, వేటగాళ్లనూ, తేనెపట్టు కొట్టేవాళ్లనూ అడిగి తెలుసుకున్న సంగతులు ఆ పుస్తకాల నిండా ఉన్నాయి.

ఇంతకీ గుడ్డులో ఆయనకేం కనపడింది? మూడు పగళ్లూ మూడు రాత్రులూ గడిచాక మొదటి జాడ. తెల్లసొనలో నెత్తుటి చుక్కంత గుండె. అది ప్రాణమున్నదానిలా కొట్టుకుంటోందనీ, దాన్నుంచి నెత్తురు నిండిన రెండు నాళాలు బయల్దేరాయనీ రాశాడు. పదో రోజుకు పిల్ల అవయవాలన్నీ తెలుస్తున్నాయి, కాకపోతే తల మిగతా ఒంటి కంటే పెద్దది, కళ్లు చూడబోతే తలకు మించినవి. ఇరవయ్యో రోజున పెంకు తీసి తాకితే లోపల కదిలి కీచుమంటుంది. నాకు ఈ వర్ణన ఎప్పుడు చదివినా ఒళ్లు పులకరిస్తుంది. భూతద్దమైనా లేని కాలంలో, ఆవగింజంత గుండె కొట్టుకోవడం ఒక మనిషి వంగి చూస్తున్నాడు!

పిల్లకు తిండి ఎక్కణ్నుంచి వస్తుందన్న దాని మీదా వాదం నడిచింది. తల్లికి పాలెలాగో పిట్టకు తెల్లసొన అలాగ అన్నాడు క్రోటాన్ ఊరి ఆల్క్‌మెయాన్. కాదు, తిండి పచ్చసొన అన్నాడు అరిస్టాటిల్. ఈ విషయంలో గెలుపు అరిస్టాటిల్‌దే.

అసలు వాదం ఇంతకంటే లోతైనది. అవయవాలన్నీ విత్తులో ముందే ఉండి పెద్దవవుతాయా, లేక ఒకదాని తర్వాత ఒకటి కొత్తగా తయారవుతాయా? వెంట్రుక కానిదాన్నుంచి వెంట్రుకెలా పుడుతుందని అడిగాడు అనాక్సగోరస్. అంటే అన్నీ ముందే ఉండితీరాలన్నమాట. పగలగొట్టిన గుడ్డే దీనికి అరిస్టాటిల్ జవాబు. గుండె ఉన్న రోజున ఊపిరితిత్తి లేదు. చిన్నదై కనపడలేదనడానికి వీల్లేదు, ఎందుకంటే ఊపిరితిత్తి గుండె కంటే పెద్దది. చిన్నది కనపడి పెద్దది కనపడకపోవడమేమిటి? కాబట్టి అవయవాలు వరసగా ఏర్పడుతున్నాయి. యూరప్‌లో ఈ తగువు మళ్లీ రెండు వేల ఏళ్ల తర్వాత రాజుకుంది. 1694లో హార్ట్‌సూకర్ అనే డచ్చివాడు వీర్యకణం లోపల ముడుచుకు కూర్చున్న బుల్లి మనిషి బొమ్మ గీశాడు. 1759లో కాస్పర్ వోల్ఫ్ మళ్లీ కోడిపిండాన్నే చూపించి ఆ మాట నిలవదన్నాడు.

పోలికల సంగతి ఇంకా బాగుంటుంది. అమ్మానాన్నల ఒంట్లోని ప్రతి భాగం నుంచీ కొంత రసం దిగి విత్తు అవుతుందని హిపోక్రటీస్ వర్గం నమ్మకం, అందుకే పిల్లలకు వాళ్ల ముక్కూ మొహమూ వస్తాయట. అరిస్టాటిల్ ఒక్కో ప్రశ్నా సంధించాడు. పిల్లవాడికి తండ్రి నడక వస్తుంది, గొంతు వస్తుంది. నడక నుంచి ఏ రసం దిగింది? గడ్డం రాకముందే తండ్రైనవాడి కొడుక్కీ పెద్దయ్యాక గడ్డం వస్తుందే, అదెక్కడిది? ఎలిస్‌లో ఒకావిడకు ఇథియోపియా మనిషి వల్ల కూతురు పుట్టింది. ఆ పిల్లకు తండ్రి రంగు రాలేదు, ఆమె కొడుక్కి వచ్చింది. తాత పోలిక ఒక తరం దాక్కుని బయటపడితే మనం ఇళ్లల్లో ఆశ్చర్యపోతాం చూడండి, ఆయన దాన్ని పట్టుకుని సిద్ధాంతాన్నే నిలదీశాడు.

అయితే ఒక చోట నాకు ఆయన మీద కోపం వస్తుంది, దాచుకోను. తల్లి ఇచ్చేది పదార్థం మాత్రమే, రూపం తండ్రిదేనన్నాడు. అంజూరపు పాలచుక్క పడితే పాలు గడ్డకట్టినట్టు, తండ్రి విత్తు తల్లి నెత్తుటిని బిడ్డగా మారుస్తుందట. ఆడదంటే ఏదో లోటుతో ఆగిపోయిన మగవాడన్నట్టు కూడా రాశాడు. అప్పటికే ఎంపెడోక్లీస్, డెమోక్రిటస్, హిపోక్రటీస్ వర్గంవాళ్లు బిడ్డకు ఇద్దరి విత్తూ కావాలని చెప్పి ఉన్నారు. వాళ్ల మాట ఆయనకు తెలుసు, తెలిసే కాదన్నాడు. ఏథెన్స్ రంగస్థలం మీద క్రీ.పూ. 458లోనే ఎస్కిలస్ నాటకంలో అపోలో దేవుడు తల్లి కన్నది కాదు, విత్తును సాకింది మాత్రమేనని వాదించాడు. ఆ ఊరి ఆలోచన ఎటు మొగ్గి ఉందో తెలుస్తోంది కదా! తరవాత అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ శవాలను కోసి అండాశయాలను వర్ణించాడు. క్షీరదాల అండం కంటికి కనపడడానికి మాత్రం 1827లో ఫాన్ బేర్ ఆడకుక్క అండాశయాన్ని పరీక్షించేదాకా ఆగాల్సి వచ్చింది.

సముద్రం దగ్గరికొస్తే మళ్లీ ఆయనకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఒక రకం సొరచేప పిల్ల తల్లి కడుపులో బొడ్డుతాడుతో గర్భసంచికి అతుక్కుని పెరుగుతుందని రాశాడు. చేపకు మావి ఏమిటని చాలామంది కొట్టిపారేశారు. 1842లో బెర్లిన్‌లో యోహానెస్ ముల్లర్ అది నిజమేనని చూపించాడు. అఖెలూస్ నదిలో మీసాల చేప ఒకటి ఉంది, మన వాలుగ కుటుంబానిదే. అందులో ఆడది గుడ్లు పెట్టి పోతుంది, మగదే నలభై యాభై రోజులు కాపలా కాస్తుందన్నాడు. ఇవాళ దాని శాస్త్రీయ నామం సైలూరస్ అరిస్టోటెలిస్. హైనాకు ఆడతనమూ మగతనమూ రెండూ ఉంటాయన్న పుకారునూ ఆయన తోసేశాడు. పదకొండు హైనాలు పట్టిన వేటగాడొకడు అందులో ఒక్కటే ఆడదని చెప్పిన సంగతి కూడా రాసుకున్నాడు.

ఈల్ చేపల దగ్గర మాత్రం తప్పాడు. మన మలుగు పాము లాంటివే అవి. ఎన్ని కోసినా గుడ్లు లేవు, వీర్యం లేదు. ఎండగట్టి బురద ఎత్తేసిన గుంటల్లో కూడా వాన పడగానే ఈల్ చేపలు కనపడ్డాయి. కాబట్టి మట్టి లోంచి పుడతాయన్నాడు. ఆయన కళ్లు మోసం చేయలేదు, మంచినీళ్లలో ఉన్నంతకాలం ఆ చేపలకు జననాంగాలు పక్వానికి రావు. 1876లో ట్రియెస్టెలో కుర్ర విద్యార్థి సిగ్మండ్ ఫ్రాయిడ్ సుమారు 400 ఈల్ చేపల్ని కోసినా సంగతి తేలలేదు. అవి అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో పుడతాయని 1922లో యోహానెస్ ష్మిట్ ప్రకటించాడు.

చివరగా తేనెటీగలు. పట్టులో పెద్దదైన రాణి ఈగను ఆయన రాజు అనుకున్నాడు. ఈగలు జతకట్టడం ఎవరూ చూడలేదు కాబట్టి తర్కం మీదే నడిచి ఒక లెక్కకొచ్చాడు. లెక్క పూర్తయ్యాక, సంగతులు ఇంకా సరిగ్గా తెలియలేదు, ఎప్పుడైనా తెలిస్తే నా వాదాన్ని కాక కళ్లతో చూసినదాన్నే నమ్మండి అన్న అర్థంలో రాశాడు. అదే చోట ఇంకో మాటా ఉంది: పెద్ద ఈగ లేని పట్టులోనూ పోతుటీగలు పుడతాయని. మగ విత్తు కలవని గుడ్డు లోంచే పోతుటీగ వస్తుందని 1845లో సైలీసియాలో జియెర్జోన్ అనే మతగురువు చెప్పాడు. ఈసారి మీకెవరైనా తేనెటీగలు పెంచేవాళ్లు తారసపడితే, రాణి పోయిన పెట్టెలో కూలి ఈగలు గుడ్లు పెడితే ఏం పుడతాయో అడిగి చూడండి.