బిల్లు రాని అరుగు

కామారెడ్డి జిల్లా రాజంపేట మండలంలో ఎవరి నోట విన్నా ఇప్పుడు ‘బేస్‌మెంట్ బిల్లు’, ‘స్లాబ్ బిల్లు’ మాటలే. ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఇంటికి సర్కారిచ్చే 5 లక్షలు నాలుగు విడతల్లో పడతాయి: పునాది, గోడలు, స్లాబు, చివరి పనులు. జాగా సొంతం, కట్టించుకునే బాధ్యతా సొంతమే. విస్తీర్ణం 400 చదరపు అడుగులకు తగ్గకూడదు. కిటికీ ఎటు, నీడ ఎటు అన్నది చాలావరకు ఇల్లు కట్టే సుతారికీ ఇంటివాళ్లకూ మధ్య తేలాల్సిన సంగతి. అందుకే పాత కట్టడాల్లో నీడను ఎలా పట్టారో చూద్దామని ఇక్కడి సుతారి ఒకాయనను వెంటబెట్టుకుని దోమకొండ కోటకు వెళ్లాను.

ఇలాంటి దొరల గడి అనగానే మన పెద్దలకు గుర్తొచ్చేది అందం కాదు, చేతులు కట్టుకుని నిలబడటం. దాన్ని మరిచిపోయి చూడలేం. కానీ ఆ గోడలు లేపిన విద్య దొరలది కాదు, సుతారులది. కామినేని వారి ఈ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం దక్కింది.

కోటలోని మహల్‌లో నేను గచ్చు నగిషీలు చూస్తుంటే సుతారి గోడ మందం జేనలతో కొలవబోయి మూరల్లోకి దిగాడు. “గిట్ల కడితే మన ఇండ్లల్ల గోడలే ఉంటయి సార్, మనుషులు పట్టరు.” నిజమే. మందం మనకు పనికిరాదు. ఆయనను ఎక్కువసేపు నిలబెట్టింది కమానుల కింది వసారా. మిట్టమధ్యాహ్నం ఎండంతా ముంగిట్లోనే ఉండిపోయింది. “గోడకు తాకకముందే ఆపిండ్రు” అన్నాడు. పడమటి గోడను ఎండకు వదిలేసి, పైన స్లాబు వేసి, రాత్రంతా కూలర్ తిప్పుకునే ఇళ్లు మన దగ్గర వాడకు పది.

ఫోన్‌లో వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో కట్టిన గోడల బొమ్మలు చూపించాను. ఇటుకను అంచు మీద నిలబెట్టి నడుమ బోలు వదిలే పద్ధతి. ఇటుకలు పావువంతు దాకా మిగులుతాయి, ఆ బోలులోని గాలి వేడిని అడ్డుకుంటుంది. సుతారి పెదవి విరిచాడు. “కరెంటు పైపులు యాడికెల్లి పోవాలె? కూలోళ్లకు నేర్పే రోజుల కూలి ఎవరిస్తరు?” నా దగ్గర తయారు జవాబు లేదు. మొదటి ఇంటికి ఆ ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాల్సిందే. మండలానికో నమూనా ఇల్లు కట్టే సర్కారే ఆ పని చేస్తే సరిపోతుంది.

తిరుగుదారిలో మాట వాన మీదికి మళ్లింది. 2025 ఆగస్టు చివర ఈ మండలంలోని ఆర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లు దాటి కురిసింది. అడుగున నానిన మట్టిగోడ నిలవదు. బేస్‌మెంట్ ఎత్తులో అడుగు మిగుల్చుకుందామనుకునేవాళ్లకు అదొక్కటి చెప్తే చాలంటాడు సుతారి.

రాజంపేటలో ముగ్గు పోసిన జాగా దగ్గర ఇంటావిడ ఎదురుచూస్తోంది. పడమర వైపు ఐదడుగుల వసారా, అరుగు అని సుతారి అనగానే ఆమె ముఖం మారింది.

“దానికి బిల్లు అస్తదా అన్నా?”

“సపరేటు రాదమ్మా.”

“మరి అర్ర చిన్నగైతదేమో?”

“అర్ర తగ్గియ్య. రేకులేసుకుందాం, నాలుగు కట్టెలు నిలబెడ్తే అయితది. ఇంట్ల పాత దూలాలున్నయా?”

పడిపోయిన పాత ఇంటివి రెండున్నాయంది. పురుగు తొలిచిందేమో చూస్తానంటూ ఆయన పెరట్లోకి నడిచాడు.