సర్కారు జీతం తిన్నవాడు స్వేచ్ఛా మార్కెట్ అనొచ్చా?

"ఇరవై ఎనిమిదేళ్ళు సర్కారు జీతం తిన్నావు, ఇప్పుడు పింఛను తింటున్నావు. మళ్ళీ సర్కారు రైతు దారికి అడ్డు తప్పుకోవాలంటావేంటి?" ఈ మాట నన్ను చాలామంది అడిగారు. కొందరు వెటకారంగా, కొందరు నిజంగా తెలుసుకుందామని. ఆ రెండో రకం వాళ్ళ కోసం ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు నా నమ్మకం ఏంటో చెప్తాను. ఏం పండించాలో, ఎవరికి అమ్మాలో, ఎంతకి అమ్మాలో రైతే తేల్చుకోవాలి. చెమట అతనిది, నష్టమొస్తే అప్పూ అతనిదే కదా. ఇదేదో అమెరికా పుస్తకాల్లోంచి ఎత్తుకొచ్చిన మాట కాదండీ. 1959లో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేస్తే, దాన్ని ఎదిరించి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడైంది మన నిడుబ్రోలు రంగా గారే.

ఇక ఉద్యోగం సంగతి. వ్యవసాయ శాఖలో విస్తరణ పని చేశాను. మా రోజుల్లో అగ్రికల్చర్ బీఎస్సీ చదివినవాడు పొలాల్లో తిరిగే పని చెయ్యాలంటే డిపార్ట్‌మెంటు, లేదంటే మందుల కంపెనీ. ఊరికి ఒకటే బస్సుంటే ఆ బస్సే ఎక్కుతాం. ఎక్కినంత మాత్రాన ఇంకో బస్సు రాకూడదని కోరుకున్నట్టు కాదు.

ఆ ఉద్యోగంలో నేను ఒక కొలత పెట్టుకున్నాను: నేను చెప్పేది రైతు వద్దనగలడా? మట్టి పరీక్ష చేయించుకో, విత్తన శుద్ధి ఇలా చెయ్యి, దోమ కనబడుతోంది దుబ్బుల మొదళ్ళు చూసుకో. వింటే విన్నాడు, లేకపోతే లేదు. ఈ పని మనస్ఫూర్తిగా చేశాను. నా పొలంలో వేసే బీపీటీ 5204 కూడా 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిందే, సర్కారు సొమ్ముతో పుట్టిందే. తెగుళ్ళకి తట్టుకోలేదని తెలిసినా, తినేవాడికి నచ్చింది కాబట్టి రైతు దాన్ని వదల్లేదు. ఎంచుకున్నది రైతే.

అయితే ముడి ఇక్కడే ఉంది. నా సలహా వద్దని రైతు అనగలడు. నా జీతం నేనివ్వనని అనలేడు. సబ్బు బిళ్ళ కొన్న కూలీ మనిషి కూడా పన్ను కట్టింది, అందులోంచే నాకు ఒకటో తారీఖున పడింది. దీన్ని కప్పిపుచ్చే తెలివైన మాట నా దగ్గర లేదు. తీసుకున్నదానికి పని చేశాను, అంతవరకే చెప్పగలను. కానీ జీతం ఇచ్చింది పనికి, అభిప్రాయానికి కాదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ విధానాల్ని బయట విమర్శించకూడదని నియమావళి. రిటైరయ్యాక నా నోరు నాదే.

మహారాష్ట్రలో శరద్ జోషి గారు ఇంకా గట్టి మనిషి. తపాలా సర్వీసులో అధికారి, స్విట్జర్లాండులో అంతర్జాతీయ తపాలా సంస్థలో పెద్ద ఉద్యోగం. అది వదిలేసి పుణె దగ్గర అంబేఠాణ్‌లో మెట్ట భూమి కొని సేద్యంలోకి దిగి, షేత్కరీ సంఘటన పెట్టాడు. అలాంటాయన కూడా 2004 నుంచి 2010 దాకా రాజ్యసభలో కూర్చున్నాడు. లోపల కూర్చుని లోపలివాళ్ళకే చెప్పడం తప్పని ఆయన అనుకోలేదు.

నన్ను నిజంగా ఆపేది వెటకారం కాదు. మా పక్క చేను కౌలుకి చేసే కుర్రాడు ఓసారి అన్నాడు: "బాబాయ్, నీకు నెలనెలా డబ్బులు పడతాయి. మద్దతు ధర లేకపోయినా నీ పొయ్యి వెలుగుతుంది. నా సంగతేంటి?" ఈ మాటని కొట్టిపారేస్తే నేను మనిషిని కాను.

అందుకే వరస ముఖ్యం అంటాను. సర్కారుకి రెండు చేతులు. ఒకటి రైతు జేబులో నాలుగు రూపాయలు పెడుతుంది, రెండోది మెడ పట్టుకుంటుంది. 2023 జులైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు, 2024 సెప్టెంబరుకి గానీ వదల్లేదు. మధ్యలో ఓ ఖరీఫ్ పంట మొత్తం ఇంటికొచ్చింది. అదే డిసెంబరులో ఉల్లికీ గేటు వేశారు. ధర పెరిగితే కొనేవాడి కోసం తలుపు మూస్తారు, ధర పడితే రైతు కర్మ. ముందు మెడ మీద చెయ్యి తియ్యమనండి. జేబులో పెట్టే చెయ్యి సంగతి ఆ తర్వాత మాట్లాడదాం. మద్దతు ధర ముందు తీసెయ్యమని నేను ఎక్కడా అనను. పింఛనుదారుడికి ఆ మాట అనే అర్హత లేదు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. స్వేచ్ఛ అంటే దిగుమతికీ స్వేచ్ఛే. మినుము ధర పడినప్పుడు బయటి మినుము ఆపమని నేను అడగను. మా ఊళ్ళో దీనికి నాతో ఎవరూ ఏకీభవించరు, మా ఆవిడతో సహా.

నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: నాకు ఇంకా కావాలని సర్కారుని అడగను, ఇంకొకరి ఆసరా ముందు తీసెయ్యమనీ అనను. పీఎం కిసాన్ ఎలాగూ నాలాంటి పింఛనుదార్లకి రాదు, ఆ పరీక్ష తప్పింది లెండి!

మీరేమంటారు? తిట్టినా పర్లేదు, కారణం చెప్పి తిట్టండి.