బెట్టలో ఉన్న బావకి

అద్దంకి,
ఫిబ్రవరి.

ప్రియమైన బావా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మిరప కోతలు జోరుమీదున్నాయి. కళ్లాల పక్కగా వెళ్తే తుమ్ములే తుమ్ములు. మేదరమెట్ల రోడ్డు పొడుగునా గుంటూరు యార్డుకెళ్లే టిక్కీల లారీలే. కూలి మనుషులు దొరక్క మా చిన్నాన్న ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడు.

నీ ఉత్తరంలో ఒక మాట నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. నెలల తరబడి ఒక్క మంచి కార్డు చేతికి రాలేదనీ, ఆల్బమ్ తెరవబుద్ధి కావడం లేదనీ, ఎవరన్నా గంపగుత్తగా అడిగితే క్రికెట్ కార్డులన్నీ ఇచ్చేస్తాననీ రాశావు. ఇచ్చెయ్యొద్దురా.

మనకసలు కార్డులు పుష్కలంగా దొరికిందెప్పుడు? ట్రంప్ కార్డుల పెట్టె కొనాలంటే సింగరకొండ తిరునాళ్ల రావాలి. ఫాల్గుణ మాసంలో ఆ అంగళ్లలో, ప్లాస్టిక్ వాచీలకూ రంగు కళ్లజోళ్లకూ నడుమ, ఆ చిన్న అట్టపెట్టె కనపడేది. ఒకటి కొంటే మళ్లీ ఏడాది దాకా అదే గతి. అయినా విసుగు పుట్టలేదే! కార్డు మీది లెక్కల్లో ఒకటి అడిగి, ఎవరిది పెద్దదైతే వాళ్లు ఎదుటి కార్డు గెలుచుకునే ఆట కదా. టెండూల్కర్ వస్తే పరుగులు, వాల్ష్ వస్తే వికెట్లు, ఇది ఎవడైనా అడిగేదే. అజారుద్దీన్ వస్తే మాత్రం నువ్వు క్యాచ్‌లు అడిగేవాడివి. వన్డేల నుంచి తప్పుకునేనాటికి 156 క్యాచ్‌లు పట్టిన మనిషాయన, అప్పటికి అన్ని పట్టిన ఫీల్డరు ఇంకొకడు లేడు. ఎదుటివాడు నోరు మూసుకుని కార్డు ఇచ్చుకోవాల్సిందే. ఆ కిటుకు నీకు పట్టుబడింది కొత్త పెట్టె కొన్నందుకు కాదు, ఉన్న పెట్టెనే అరిగిపోయేదాకా చదివినందుకు. 1999 ప్రపంచ కప్పుకి బ్రిటానియా వాళ్లు బిస్కెట్ కాగితాల మీద పరుగులు అచ్చేసి, వంద కూడితే గీకి చూసే పుస్తకం ఇచ్చారు, జ్ఞాపకముందా? కొనే స్తోమత లేక బస్టాండులో, టీ కొట్ల ముందు కాగితాలు ఏరుకున్నాం. నా దృష్టిలో మనం కార్డులు కూడబెట్టడం నేర్చుకున్నదే కరువులో.

ఇది మన ఊరికో మన కాలానికో వచ్చిన కష్టం కూడా కాదు. ఇంగ్లండులో విల్స్ కంపెనీ 1896లోనే సిగరెట్ పెట్టెల్లో క్రికెటర్ల బొమ్మలు పెట్టింది. అప్పట్నించి వరస మీద వరస వచ్చాయి. 1940లో యుద్ధం మూలంగా కాగితానికి కటకట వచ్చి అన్నీ ఆగిపోయాయి. ఇవాళ ఆ పాత కార్డులు మన కంటపడుతున్నాయంటే, కొత్తవి రాని ఏళ్లలో వాటిని పారెయ్యని మనుషులు ఉండబట్టే.

నువ్వున్న అమెరికా సంగతే చూడు. అమ్ముడుపోకుండా మిగిలిన 1952 బేస్‌బాల్ కార్డులను 1960లో పడవకెత్తించి న్యూయార్క్ దగ్గర సముద్రంలో పోయించామని, వాటిని తయారుచేసిన టాప్స్ కంపెనీ సై బెర్గరే చెప్పుకున్నాడు. గోడౌనులో చోటు చాల్లేదట. ఆ వరసలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1 కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. నీ కార్డులకు అంత వస్తుందని ఆశపెట్టడం లేదు. ఎవరూ అడగని రోజుల్లో వేసిన లెక్క నమ్మొద్దంటున్నాను.

2021లో నువ్వు పడ్డ అవస్థ వేరు. మార్చి ఆఖర్లో, కార్డుల నాణ్యత చూసి గ్రేడు వేసే పీఎస్ఏ వాళ్లు చాలా రకాల గ్రేడింగుకు కార్డులు తీసుకోవడం ఆపేశారు. మే నెలలో కార్డుల కోసం పార్కింగులో కొట్లాట జరిగితే, టార్గెట్ కంపెనీ వాళ్లు తమ దుకాణాల్లో కార్డుల అమ్మకమే నిలిపేశారు. అప్పుడు కొందామంటే సరుకు లేదు. ఇప్పుడు సరుకు కుప్పలుగా ఉంది, నీ మనసుకు నచ్చేది లేదు. ఈ రెండోదే కష్టమైన కరువు. మొదటిదానికి ఓపిక పడితే సరిపోయింది. దీనికి, అసలు నేను వెతికేదేమిటని మళ్లీ మొదట్నించీ తేల్చుకోవాలి.

తేల్చుకునేదాకా మాత్రం ఏదో ఒకటి కొని ఆకలి తీర్చుకోకు. పాతవని చెప్పి కొత్తగా అచ్చేసినవి అమ్మేవాళ్లు కాచుకునుండేది ఇట్లా ఆకలి మీద కొనేవాళ్ల కోసమే. మొన్న ఒకడు పాత సిగరెట్ కార్డని ఒకటి చూపించాడు. వాచీ రిపేరు చేసే సాయిబుగారి దగ్గర కంటి అద్దం అడిగి తీసుకుని చూశాను. అసలు కార్డులో పేరు అక్షరాలు గట్టి నలుపులో, అంచు తెగకుండా నిండుగా ఉంటాయి. ఈ కార్డు మీద పేరు కూడా బొమ్మలాగే చుక్కలు చుక్కలుగా చెదిరింది. అంటే కార్డును ఫొటో తీసి మళ్లీ అచ్చేశారన్నమాట. వెనక పసుపు రంగు కూడా టీ నీళ్లతో తెచ్చిపెట్టిందే, మూలల్లో మరక గట్టిగా నిలిచింది. దణ్ణం పెట్టి తిరిగిచ్చేశా.

వాన ముఖం చాటేసిన ఏడు మీ నాన్న రేగడి చేలో ఏం చేసేవాడు? గుంటక తోలేవాడు. నెర్రెలు పూడి, ఉన్న పదును లోపలే నిలిచేది. నేనూ ఈ నెలల్లో అదే పనిలో ఉన్నాను. పాత ఆల్బమ్‌లో పీవీసీ షీట్లన్నీ తీసేశాను. మన వేసవికి అవి జిగురెక్కి కార్డు ముఖాన్ని పట్టేసుకుంటాయి. ఒంగోలులో చెప్పి పాలీప్రొపిలీన్ షీట్లు తెప్పించుకున్నా.

ఆ మార్చడంలోనే నాకొక దారి దొరికింది. దేశాలవారీగా ఉన్న పేజీలు తీసేసి, తెలుగువాళ్లకు, మన జట్ల తరఫున ఆడినవాళ్లకు విడిగా ఒక ఆల్బమ్ మొదలుపెట్టాను. మొదటి అర సి.కె. నాయుడుది. 1932లో లార్డ్స్‌లో మన దేశం ఆడిన తొలి టెస్టుకు కెప్టెన్, 1953–54లో ఆంధ్ర తరఫునా రంజీ ఆడాడు. అర ఖాళీ. గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్ 6 టెస్టులు, 17 వన్డేలు ఆడాడు, ఆయన కార్డు నాకింతవరకు కనపడలేదు, అదీ ఖాళీయే. లక్ష్మణ్ 86 వన్డేలు ఆడి కూడా ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్‌లో లేడు, అందుకని ప్రపంచ కప్ వరసల్లో ఆయన కోసం వెతకడం దండగ. గుంటూరులోనే పుట్టిన అంబటి రాయుడు ఐపీఎల్ కార్డుల పుణ్యమా అని ముంబయి చొక్కాలో ఉన్నాడు. మెల్‌బోర్న్‌లో 114 కొట్టిన విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డికి ఒక అర. 2025 నవంబరు 2న ప్రపంచ కప్ గెలిచిన అమ్మాయిల జట్టులో మన కడప జిల్లా శ్రీచరణి ఉంది కదా, ఆమెకొకటి. ఖాళీ అరల్లో పేరు రాసిన చీటీలు పెట్టాను. ఆ చీటీలు చూస్తే నాకు దిగులు కలగడం లేదు బావా, రాత్రి భోజనమయ్యాక మళ్లీ ఆల్బమ్ తీయబుద్ధవుతోంది.

రెండేసి ఉన్న ఐపీఎల్ కార్డులు మా వీధి పిల్లలకు పంచాను. క్యాచ్‌లు అడిగే ఆట వాళ్లకు నేర్పుతున్నా, కాకపోతే ఆ కార్డుల మీద క్యాచ్‌ల లెక్క లేదు. ఫోనులో చూసి మేమే వెనక పెన్సిలుతో రాసుకుంటున్నాం.

నువ్వు చేయాల్సింది చెప్తా విను. ముందు ఆ గంపగుత్త బేరం ఆపు. మన తిరునాళ్ల పెట్టెలో అజార్ కార్డు నీ దగ్గరే ఉంది, దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. నీ దగ్గర రెండేసి ఉన్నవాటి జాబితా రాసి పంపు, నావి నేను పంపుతాను. నాయుడుది గానీ, ఎమ్మెస్కేది గానీ అక్కడ ఎక్కడన్నా కంటపడితే, డబ్బు కట్టేముందు పేరు అక్షరాలు దగ్గరగా ఫొటో తీసి పెట్టు, చూసి చెప్తాను.

చెల్లెమ్మను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు. వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
నీ బావ