వెలగని దీపం

కిందటేడు నా సీరియల్లో ఒక చిన్న విమానాన్ని కూల్చేశాను.

నవ్వకండి. కథకి అడ్డం పడుతున్న ఒక పాత్రని తప్పించాల్సి వచ్చింది. కారు ప్రమాదం అప్పటికే రెండు నవలల్లో వాడేశాను. కేన్సరంటే పాఠకులు ఇహ నన్ను క్షమించరు. గుండెపోటు నేను రాయను. ఎందుకు రాయనో తర్వాత చెబుతాను. అంచేత ఆ పెద్దమనిషికి ఒక సొంత విమానం ఇచ్చి, దిగేవేళకి చక్రాలు బయటికి రాక, నేలకి తగలగానే పేలిపోయినట్టు రాసేసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పత్రిక బజారులోకి వచ్చిన పూటే మావయ్య మా ఇంటికొచ్చేశాడు, ఆ పేజీ దగ్గర వేలు పెట్టి మడిచి పట్టుకుని. మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. ఎయిర్‌ఫోర్సులో విమానాల చక్రాలకీ రెక్కలకీ మరమ్మతులు చేసి రిటైరై, మా పాతపట్నంలోనే నీలమణి దుర్గమ్మ గుడికి కాస్త అవతల ఉంటాడు. డెబ్భై ఎనిమిదేళ్ళు. నా నవలలు చదవనంటాడు గాని, ఒక్క వారమూ వదలడు.

"ఏమే అమ్మడూ, చక్రాలు రాకపోతే విమానం పేలిపోతుందని నీకెవరు చెప్పారే?"

"పేలదా మావయ్యా?"

"పొట్టమీద దిగుతుంది. ప్రొపెల్లరు వంగిపోతుంది, అడుగు రేకు గీరుకుపోతుంది, ఇన్సూరెన్సువాడు ఏడుస్తాడు. లోపలున్నవాళ్ళు చాలాసార్లు నడుచుకుంటూ దిగొచ్చేస్తారు."

"అయితే చక్రాల బాధొచ్చిన విమానాల్లో మనుషులు పోనే పోరా?"

"పోతారు. చాలాసార్లు చక్రాల మూలాన కాదు" అన్నాడు మావయ్య, కాఫీ గ్లాసు నా వైపు తోస్తూ. అంటే ఇంకో సగం పొయ్యమని.

బి.ఏ.లో చరిత్ర చదువుకున్న దాన్ని. యంత్రాల సంగతి నాకు మిక్సీ దగ్గరే ఆగిపోయింది. అయినా ఆ పూట ఆయన చెప్పిందంతా వంట మానేసి విన్నాను. పైలట్ ముందు చక్రాల మీట ఒకటుంటుందిట. చీకట్లో తడిమినా తెలిసేట్టు దాని పిడి కూడా చిన్న చక్రం ఆకారంలోనే ఉంటుందిట. ఎవరో ఇల్లాలి బుర్రలో పుట్టిన ఆలోచనలా లేదూ! మీట దించితే మూడు పచ్చదీపాలు వెలగాలి: ముక్కు కిందున్న చక్రానికొకటి, రెండు పక్కల చక్రాలకి చెరొకటి. మూడూ వెలిగితే చక్రాలు దిగి గట్టిగా బిగుసుకున్నట్టు. ఒకటి వెలగకపోతే చక్రమైనా రాలేదు, బల్బయినా మాడిపోయింది. ఏదన్నది కూచున్న చోటి నుంచి తెలీదు. అందుకని రెండింజన్ల చిన్న విమానాలు కొన్నిటిలో ఇంజను తొడుగు మీద ఒక అద్దం బిగిస్తారు, పైలట్ అందులోకి చూసి ముందు చక్రం దిగిందో లేదో తెలుసుకోడానికి. చక్రాలు మొరాయిస్తే చేత్తో తిప్పి దించేందుకో, పంపు కొట్టి దించేందుకో, బరువుకి వాటంతటవే జారిపడేందుకో ఏర్పాటుంటుంది.

"ప్రాణం మీదికి తెచ్చేది ఏమిటంటే" అన్నాడు మావయ్య, "దీపం వెలగలేదని వాడు నేలకి దగ్గర్లోనే చుట్లు కొడుతూ, వంగి మీట లాగుతూ, బల్బు గుచ్చి చూస్తూ, వేగం తగ్గిపోతున్న సంగతి మర్చిపోతాడు. వేగం తగ్గితే రెక్క గాలి మీద నిలవదు. అంత కింద పట్టు తప్పితే మళ్ళీ సరిచేసుకోడానికి ఎత్తుండదు."

"ఇవన్నీ తర్వాత ఎలా తెలుస్తాయి? చెప్పడానికి మనిషి మిగలడు కదా!"

ఆ ప్రశ్నే నన్ను ఈ దర్యాప్తుల లోకంలోకి లాక్కుపోయింది. నల్లపెట్టె అని పేరే గాని రంగు నారింజ. అది పెద్ద విమానాల్లో ఉంటుంది, చిన్నవాటిలో చాలావాటికి ఉండదు. అప్పుడిక వస్తువులే సాక్షులు. ప్రొపెల్లరు రేకులు ఎటు వంగాయో చూస్తారు. నేలకి తగిలేటప్పుడు ఇంజను బలంగా తిరుగుతోందో ఆగిపోయిందో ఆ వంపు చెబుతుంది. గడియారాల్లాంటి ఆ మీటర్ల ముళ్ళు దెబ్బకి వెనకున్న పలకకి కొట్టుకుని సన్నటి గీతలు పెడతాయి. ఆఖరి క్షణంలో ముల్లు ఏ అంకె మీదుందో అలా తెలుస్తుంది.

బల్బుల సంగతి మరీ వింత. వెలుగుతున్న బల్బులో తీగ వేడిగా, మెత్తగా ఉంటుంది. ఆ దెబ్బకి సాగిపోయి, చుట్లు విడిపోయి కనబడుతుంది. ఆరిపోయి ఉన్న బల్బులో తీగ చల్లగా పెళుసుగా ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది. భూతద్దం కింద పెట్టి, ఆ క్షణాన ఆ దీపం వెలుగుతోందా లేదా అని చెప్పేస్తారు. పోయినవాళ్ళు చూసిన చివరి దీపం ఏదో ఎవరో పరాయివాడు తర్వాత తీరిగ్గా తెలుసుకుంటాడన్న మాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మావయ్య ఒక పాత సంగతి కూడా చెప్పాడు. చిన్న విమానం కాదుగాని, చక్రాల దీపం కథల్లో అదే పెద్దది. 1972 డిసెంబరు 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి విమానం న్యూయార్కు నించి మయామీ వచ్చి దిగబోతోంది. ముక్కు చక్రం దీపం వెలగలేదు. రెండు వేల అడుగుల ఎత్తున ఉండమని ఆటోపైలట్‌కి అప్పగించి, అందరూ ఆ బల్బు మీద పడ్డారు. ఒకరు దాన్ని ఊడదీసి మళ్ళీ పెట్టబోతే ఇరుక్కుపోయింది. ఇంకొకరు చక్రాన్ని కంటితో చూద్దామని అడుగున ఉన్న గదిలోకి దిగారు. ఈ హడావిడిలో చెయ్యి తగిలో మరెలాగో ఆటోపైలట్ ఎత్తు పట్టు వదిలేసింది. విమానం నెమ్మదిగా, ఎవరికీ ఒంట్లో తెలియనంత నెమ్మదిగా, కిందికి జారడం మొదలెట్టింది. ఎత్తు తప్పిందని అరసెకను పాటు ఒక చిన్న గంట మోగింది. మోగినట్టు రికార్డులో ఉంది. ఎవరూ విన్నట్టు లేదు. బయట చిత్తడి నేలలు, కటిక చీకటి. నూటికి పైగా మనుషులు పోయారు. కప్పలు పట్టుకోడానికి పడవేసుకుని వచ్చిన ఒకతను ముందుగా అక్కడికి చేరి చేతనైనంత మందిని కాపాడాడు.

దర్యాప్తులో తేలిందేమిటో తెలుసా? చక్రం దిగే ఉంది. బిగుసుకునే ఉంది. మాడిపోయింది బల్బులే.

ఆరేళ్ళ తర్వాత, 1978 డిసెంబరు 28న, పోర్ట్‌లాండ్ అనే ఊళ్ళో చక్రాల అనుమానంతోనే గంటసేపు చుట్లు కొట్టి, పెట్రోలు అయిపోయి ఇంకో పెద్ద విమానం పడింది. పది మంది పోయారు. ఆ తర్వాతనే విమానాల వాళ్ళు మేలుకుని, ఒకరు రిపేరు చూస్తుంటే రెండోవారు విమానం తప్ప ఇంకేదీ చూడకూడదనీ, చిన్నవాడు హెచ్చరిస్తే పెద్దవాడు వినాలనీ బళ్ళు పెట్టి నేర్పడం మొదలెట్టారు.

"అవన్నీ అమెరికా సంగతులు" అన్నాను.

"మన సంగతి నీకు తెలీదా? 2009 సెప్టెంబరు 2."

ఆ తేదీ తెలీని తెలుగువాళ్ళెవరు? ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు పొద్దున్న బేగంపేటలో హెలికాప్టరెక్కి చిత్తూరు జిల్లాకి బయల్దేరారు. నల్లమల మీద వాన మబ్బులు. ఇరవైనాలుగు గంటలు టీవీల ముందు కూచున్నాం. మా వీధిలో ఆ రాత్రి ఎవరింట్లోనూ సరిగ్గా వంట జరగలేదు. మర్నాడు అడవిలో కనబడేసరికి అయిదుగురిలో ఒక్కరూ లేరు. కుట్ర అన్నారు, ఇంకేదో అన్నారు. ఎవరి నోటికి వచ్చింది వాళ్ళన్నారు. ఆర్.కె. త్యాగి గారి అధ్యక్షతన వేసిన సంఘం చెప్పింది వేరు. కుట్ర లేదంది. ఉరుముల మబ్బులో కిందికి తోసే భయంకరమైన గాలి పట్టి హెలికాప్టరుని నేలకి కొట్టింది. అక్కడిదాకా ఎలా వెళ్ళారన్నదే నా మనసులో ముల్లులా దిగింది: గేరుపెట్టె నూనె ఒత్తిడి తగ్గిందని హెచ్చరిక వచ్చింది. పైలట్లు దానికేం చెయ్యాలా అని పుస్తకం తిరగేస్తూ ఆరు నిమిషాలకి పైగా దాని మీదే ఉండిపోయారు. బయట మబ్బు ఎంత నల్లబడిందో చూడాల్సిన కళ్ళు పుస్తకంలో ఉన్నాయి.

"అయితే తప్పు పైలట్లదేనంటావా?"

మావయ్య మొహం చిట్లించాడు. "ఆ మాటే వాళ్ళు వాడరే అమ్మడూ. విమానాలకి అన్ని దేశాలూ ఒప్పుకున్న నిబంధనలున్నాయి. దర్యాప్తు చేసేది మళ్ళీ అలాటిది జరక్కుండా చూడ్డానికే గాని, నింద పంచడానికి కాదని అందులో రాసుంటుంది. 2012లో మన దేశంలో దీనికని వేరే బ్యూరో పెట్టారు, దానికీ అదే సూత్రం. ఎవరి తప్పో తేల్చుకోడానికి పోలీసులున్నారు, కోర్టులున్నాయి. వీళ్ళడిగేది ఒక్కటే: అంతమంది తెలివైనవాళ్ళుండి, చూడాల్సినదాన్ని ఎందుకు చూళ్ళేదూ అని."

ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. వీధిలోంచి గునుపూరు రైలు కూత వినబడింది. అప్పుడు మావయ్య, నాకేసి చూడకుండా, "ఆవాళ నేను అటక మీదున్నాను" అన్నాడు.

ఏ రోజో నేను అడగలేదు.

2013 మేలో మా అన్నయ్య కూతురి ఓణీల వేడుక ఈ ఇంట్లోనే చేశాం. అమ్మ తన చంద్రహారం తీసి పిల్ల మెడలో వెయ్యమని వదిన చేతికిచ్చింది. సాయంత్రం చుట్టాలు వచ్చే వేళకి హారం లేదు. ఇంక చూడండి! బీరువా బోర్లించాం. పరుపులు దులిపాం. బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. మావయ్య నిచ్చెనేసుకుని అటకెక్కాడు. పదిహేనుమందిమి, ఒక్క హారం. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూచుని, "గుండెల్లో మంటగా ఉందే, మధ్యాన్నం బూరెలు పడలేదు కాబోలు" అంది. మజ్జిగ ఇచ్చాం. షుగరున్న ఆడవాళ్ళకి గుండెపోటు అలా మంటగానో, ఆయాసంగానో, ఉత్త చెమటగానో రావచ్చని నాకు తర్వాత తెలిసింది.

మా పనిమనిషి వచ్చి నా భుజం తట్టింది. "అమ్మగోరికి సెమట్లు పట్టేస్తన్నాయమ్మా. ఓపాలి సూడండి."

"ఉండవే, ముందు హారం దొరకనీ" అన్నాను.

అన్నది నేనే. గుండెపోటు ఎందుకు రాయనో ఇప్పుడు మీకు తెలిసింది.

పర్లాకిమిడి ఆసుపత్రికని కార్లో పడుకోబెట్టి తీసికెళ్ళాం. ఊరి పొలిమేర చేరేలోగానే అయిపోయింది. పెద్దకర్మ అయిన మూడోనాడు దేవుడి పటం వెనకాల పసుపు గుడ్డలో హారం దొరికింది. వదిన మంచం మీద పెట్టి మరిచిపోతే, అమ్మే జాగ్రత్తకని తీసి దాచి, ఆ హడావిడిలో తానే మరిచిపోయింది. దొరికాక గొడవ ఆగాలి కదా? ఆగలేదు. ఆవిడ దాన్ని మంచం మీద పడెయ్యకపోతే ఇదంతా జరిగేదా అన్నారు. అన్నవాళ్ళలో నాన్నగారున్నారు, పిన్నులున్నారు, నేనూ ఉన్నాను. వదిన ఏమీ అనలేదు. అన్నయ్య విజయనగరం బదిలీ చేయించుకున్నాడు. అన్నయ్య వస్తూ పోతూ ఉంటాడు. వదిన నాన్నగారి కర్మకి వచ్చింది. భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయింది.

మావయ్య వెళ్ళాక ఫోను తీశాను. మాట వెతుక్కోడానికే చాలాసేపు పట్టింది. నవలల్లో పేజీలకి పేజీలు మాట్లాడించేదాన్ని!

"వదినా, ఆ రోజు సాయంత్రం నువ్వెక్కడున్నావు?"

"ఇప్పుడెందుకది?" గొంతు గట్టిపడింది. "హారం సంగతయితే..."

"హారం కాదు. పనిమనిషి వచ్చి అమ్మ సంగతి చెప్పింది. నీకు వినబడిందా?"

అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఫోను పెట్టేసిందనుకున్నాను.

"వినబడింది" అంది వదిన. "లేవబోయాను. నువ్వన్న మాటా వినబడింది. హారం పోగొట్టిన దాన్ని, పనొదిలి లేస్తే ఏమంటారో అని మళ్ళీ కూచున్నాను."

ఇన్నేళ్ళలో నేనన్న ఆ మాట సంగతి ఆవిడ ఎవరి దగ్గరా ఎత్తలేదు. అన్నయ్య దగ్గర కూడా. ఎత్తి ఉంటే ఆ నింద ఆ క్షణంలోనే నా మీదికి వచ్చేది.

"ఒకసారి రాకూడదూ వదినా?"

"ఎన్నిసార్లని నేనే రాను? నువ్వు రా. విజయనగరం ఏమంత దూరం?"

మర్నాడు తెల్లారగట్ల బస్సుకి నేనూ మావయ్యా బయల్దేరాం.