వైన్స్‌బర్గ్ వైద్యుడి ఇల్లు

జర్మనీలో హైల్‌బ్రాన్ దాటగానే వైన్స్‌బర్గ్. చుట్టూ ద్రాక్షతోటలు, కొండమీద వైబర్‌ట్రాయ్ కోట శిథిలాలు. 1140లో రాజు ఈ కోటను ముట్టడించి, ఆడవాళ్లు మోయగలిగినంత మోసుకుని వెళ్లిపోవచ్చన్నాడట. వాళ్లు మొగుళ్లను వీపున వేసుకుని దిగారట. ఊరికి వచ్చేవాళ్లంతా ముందు ఆ కోటకే ఎక్కుతారు. నేను మాత్రం కొండ కింద ఉన్న ఇంటి కోసమే వచ్చాను.

యూస్టినుస్ కెర్నర్ 1822లో కట్టించుకున్న ఇల్లు అది. ఇప్పుడు మ్యూజియం. తోటలో పాత బురుజు ఒకటి ఉంది. జర్మన్లకు ఆయన ముందు కవి. ఆత్మల కథలు రాసినవాడు, చూపు మందగించాక సిరా మరకల్నే బొమ్మలుగా మలిచినవాడు. నాకు కావలసింది ఆయనలోని డాక్టరు. మా పిన్నికి ముఖంలో ఒక పక్క కండరాలు వాటంతటవే అదురుతాయి. హైదరాబాద్‌లో మూడు నాలుగు నెలలకోసారి బొటాక్స్ ఇంజెక్షన్ వేయించుకుంటుంది. ఆ ఇంజెక్షన్‌లో ఉండేది ఒక విషం. అది మందుగా పనికొస్తుందని మొదట ఊహించినవాడు ఇక్కడ బతికాడు.

నెపోలియన్ యుద్ధాల తర్వాత ఈ ప్రాంతమంతా పేదరికం. సరిగా ఉడకని, నిల్వ ఉన్న రక్తపు సాసేజీలు తిని, వాటిలో పుట్టిన ఆ విషంతోనే జనం చనిపోయేవారు. ప్రభుత్వ వైద్యుడిగా ఉన్న కెర్నర్ ఒక్కో రోగి వివరం రాసిపెట్టాడు. 1820 పుస్తకంలో 76 మంది, 1822 పుస్తకంలో 155 మంది. చదువుతుంటే ఆయన చూపు ఎంత నిశితమో తెలుస్తుంది: రెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మింగుడు పడదు, కన్నీళ్లూ లాలాజలమూ ఎండిపోతాయి, చివరికి ఊపిరి ఆడదు. అయినా రోగికి తెలివి పోదు. గిల్లితే నొప్పి తెలుస్తుంది. ఈ చివరి రెండు మాటల దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. స్పర్శ ఉంది, మెదడు పనిచేస్తోంది. పోయిందల్లా కండరానికీ గ్రంథికీ అందవలసిన ఆదేశం. జబ్బులకు సూక్ష్మజీవులు కారణమని తెలియని రోజుల్లో కెర్నర్ ఇక్కడిదాకా వచ్చాడు. విషం పట్టిన నరాన్ని తుప్పు పట్టిన విద్యుత్ తీగతో పోల్చాడు. జంతువుల మీదే కాదు, తన మీద కూడా పరీక్షించుకున్నాడు. గాలి తగలని చోటే ఈ విషం పుడుతుందనీ గమనించాడు.

ఆ విషాన్ని పుట్టించే సూక్ష్మజీవిని పట్టుకున్నది బెల్జియంలో వాన్ ఎర్మెంగెమ్. 1895లో ఒక అంత్యక్రియలకు వచ్చిన వాద్యబృందం పంది తొడ మాంసం తిని జబ్బుపడ్డాక ఆయన దాన్ని వేరుచేసి, 1897లో ప్రకటించాడు. విషం పనిచేసే తీరు తేలడానికి ఇంకో వందేళ్లు పట్టింది. నరం కొసలో ఎసిటైల్‌కోలిన్ నిండిన సూక్ష్మమైన సంచులుంటాయి. ఆదేశం రాగానే అవి నరం పొరకు అతుక్కుని తెరుచుకుంటాయి. రసాయనం తాకగానే కండరం బిగుసుకుంటుంది. సంచిని పొరకు చేర్చి కలిపేవి కొన్ని ప్రొటీన్లు. బొటులినమ్ అనే ఈ విషం నరం కొసలోకి దూరి వాటిలో ఒకదాన్ని తెంపేస్తుంది. A రకం విషం తెంపేది SNAP-25 అనే ప్రొటీన్‌ని. నరం బాగానే ఉంటుంది, కండరమూ బాగానే ఉంటుంది, మధ్యలో మాట అందదు. నరం మళ్లీ ఆ ప్రొటీన్లను తయారుచేసుకుని కోలుకుంటుంది కాబట్టే పిన్ని మళ్లీ మళ్లీ సూది వేయించుకోవాలి.

వశం తప్పి ఒళ్లు ఎగిరిపడే కొరియా లాంటి జబ్బుల్లో ఈ విషాన్ని అతి తక్కువ మోతాదులో వాడవచ్చేమో అని కెర్నర్ రాశాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ మెల్లకన్ను రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించింది 1980లో. అమెరికాలో అనుమతి 1989లో వచ్చింది. ముడతల ముచ్చట ఆ తర్వాతిది. ఈ మందు పేరెత్తగానే సినిమా తారల ముఖాలే గుర్తుకురావడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కెర్నర్ ఇదంతా మొదలుపెట్టింది జనాన్ని హెచ్చరించడానికే. మన ఇళ్లలో చెప్పవలసిన హెచ్చరిక ఒకటుంది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాస్తాం, బారసాలనాడు నాకిస్తాం. తేనెలో ఈ సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగుల్లో అవి సాధారణంగా మొలకెత్తవు. పసిపేగుల్లో మొలకెత్తి విషం పుట్టించగలవు. మలబద్ధకం, సన్నబడిన ఏడుపు, పాలు పీల్చలేకపోవడం, వాలిపోయే మెడ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏడాది నిండేదాకా బిడ్డకు చుక్క తేనె కూడా పెట్టకండి.