మేము కొట్టివేసిన పేర్లు



సేవా జీవితమును గూర్చి వ్రాయమంటే చాలామంది దేవుడు తమ ద్వారా జరిగించిన గొప్ప కార్యములను వ్రాస్తారు. వాటిని చదివి మేమూ ఎన్నోసార్లు బలపడ్డాము. అయితే ఈ నెల మేము వ్రాయుచున్నది మా వలన జరిగిన ఒక తప్పును గూర్చి. పల్లెలలో సేవ చేయుచున్న యౌవన పాస్టర్లకు, వారి సతీమణులకు, వారిని పోషించుచున్న సంఘములకు ఇది ఉపయోగపడుతుందని నమ్మి, సిగ్గు విడిచి వ్రాయుచున్నాము.

మేము 1991 జూన్ నెలలో యర్రగొండపాలెం వచ్చాము. రెండు ట్రంకు పెట్టెలు, ఒక సైకిలు, చంకలో ఏడాది బిడ్డ, ఇదే మా ఆస్తి. ఈ ప్రాంతమువారు ఊరిని వై. పాలెం అంటారు. ప్రక్కనే నల్లమల కొండలు. చూడటానికి అంతా పచ్చగానే ఉంటుంది గాని, బిందె పట్టుకొని బోరింగు దగ్గర నిలబడిన స్త్రీకి తెలుస్తుంది ఇది ఎటువంటి దేశమో. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరము ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లా మారింది, పేరు మారింది గాని వాన మారలేదు. పడితే కంది, జొన్న, ప్రత్తి. పడకపోతే అప్పు.

మాకు పాలెంలో ఒక రేకుల మందిరము, చుట్టుప్రక్కల నాలుగు పల్లెల్లో ప్రార్థన స్థలములు ఉండేవి. జీతము అని చెప్పుకోదగినది లేదు. కానుక పెట్టెలో వచ్చినదే మాది. కోతపండుగనాడు విశ్వాసులు కందులు, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టేవారు. వాటిని అక్కడే వేలము వేస్తే వచ్చిన డబ్బు మూడు నెలలు మా ఇల్లు గడిపేది. ఎవరూ పాడని సొరకాయ మాత్రము మా వంటింటికి వచ్చేది!

పాస్టరు పని అంటే ఆదివారము ప్రసంగము అని సెమినరీలో అనుకున్నాము. ఇక్కడికి వచ్చాక తెలిసింది, ఆదివారము విశ్రాంతి దినమేనని. మిగిలిన ఆరు దినములు పింఛను అర్జీ వ్రాయాలి. రేషను కార్డులో తప్పు పడిన పేరు దిద్దించాలి. అర్ధరాత్రి తేలు కుట్టిందని తలుపు తడితే ప్రార్థన చేసి, తెల్లవారేదాకా కూర్చోవాలి. నొప్పులు పడే ఆడబిడ్డను జీపులో మార్కాపురం తీసుకొని వెళ్లాలి. భార్యాభర్తలు పోట్లాడుకుంటే మధ్యకు వెళ్లి ఇద్దరి చేతా తిట్లు తినాలి. మాలో ఒకరు బయట ఈ పనుల మీద తిరిగితే, ఇంకొకరు స్త్రీల సమాజము, సండే స్కూలు చూసుకునేవారము. మా ఇంటి పొయ్యి మీద కాఫీ గిన్నె దిగినట్టు మాకు జ్ఞాపకము లేదు.

ఈ విధముగా మూడు సంవత్సరములు గడిచేసరికి, దేవుడు మమ్మును క్షమించును గాక, మేము మంచి సేవకులమని మాకే అనిపించసాగింది.

ఈ ప్రాంతములో ఒక సంగతి ఉన్నది. సంక్రాంతి వెళ్లిందంటే పల్లెలు ఖాళీ అవుతాయి. పల్నాడులో, గుంటూరు వైపున మిరపకోతలు మొదలవుతాయి. ముఠా మేస్త్రి ముందే వచ్చి అడ్వాన్సు ఇచ్చి పోతాడు. బియ్యము మూట, గిన్నెలు, కోళ్లు, పసిపిల్లలతో సహా లారీ ఎక్కి వెళ్లిపోతారు. తోట గట్టున పట్టా కప్పిన గుడిసెలో ఉండి, ఏప్రిల్ వరకు కాయ కోసి, కొంత డబ్బు, ఇంటికి చాలినన్ని ఎండు మిరపకాయలు తెచ్చుకుంటారు. ఇంటి దగ్గర ముసలివారు, వారి దగ్గర విడిచిన బడి పిల్లలు మిగులుతారు.

1995లోనూ అదే జరిగింది. డిసెంబరులో క్రిస్మస్ ఆరాధనకు మందిరము చాలక బయట పందిరి వేశాము. ఫిబ్రవరి వచ్చేసరికి పదిమంది ముసలివారికి ప్రసంగము చేయుచున్నాము. కానుక పెట్టె అడుగు కనబడుతున్నది. మా మనస్సులో కోపము పుట్టింది. "వీరికి ప్రభువుకంటే మిరపకాయ ఎక్కువైపోయింది" అని మాలో మేము అనుకున్నాము. ఆ కోపములో భక్తి ఎంతో, ఖాళీ పెట్టెను గూర్చిన బెంగ ఎంతో ఈ రోజు మేము చెప్పగలము. ఆ రోజు మాత్రము అంతా భక్తే అనుకున్నాము.

మా సంఘములో ఒక కట్టడ ఉండేది. కారణము తెలుపకుండ వరుసగా మూడు నెలలు ప్రభువు బల్లకు రాని వారి పేరు సభ్యత్వ రిజిస్టరు నుండి తీసివేయవచ్చును. ఈస్టరుకు ముందు, ఏప్రిల్ 2వ తేదీ ఆదివారము, మేము తొమ్మిది కుటుంబముల పేర్లు ఎఱ్ఱ సిరాతో కొట్టివేసి, ఆరాధన ముగింపులో చదివి వినిపించాము. ముందు వరుసలో ఒక అవ్వ కూర్చొని ఉన్నది. ఆమె కొడుకు పేరు చదివినప్పుడు ఆమె తల వంచుకున్నది. కొంగు ముడి విప్పి కానుక వేసి, మాతో మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆమెకు చెవుడు గదా, వినబడి ఉండదులే అనుకున్నాము.

ఏప్రిల్ నెలాఖరుకు లారీలు తిరిగి వచ్చాయి. ఆ ఆదివారము అవ్వ కొడుకూ కోడలూ వచ్చి మందిరము బయట వేపచెట్టు క్రింద కూర్చున్నారు. లోపలికి రమ్మంటే అతడు లేచి నిలబడి, "మా పేర్లు కొట్టేసినారంట గదయ్యా. ఈడనే కూసుంటాంలే" అన్నాడు. ఆ మాటలో కోపము లేదు. అదే మమ్మును భయపెట్టింది. వెళ్లేటప్పుడు ఇద్దరు పిల్లలను తీసుకొని వెళ్లినవారు, ఇప్పుడు ఒక్క పిల్లతోనే ఉన్నారు.

సాయంకాలము ఇద్దరమూ వారి ఇంటికి వెళ్లాము. అవ్వ మంచము వాల్చి, మజ్జిగ ఇచ్చింది. అప్పుడు ఆమె చెప్పింది. మార్చి నెలలో చిన్న పిల్లవానికి జ్వరము వచ్చింది. ప్రార్థన చేయమని మేస్త్రి చేత మాకు కార్డు వ్రాయించారు. ఆ కార్డు మాకు అందింది. బుధవారము ప్రార్థన కూటములో చదివి, అందరమూ మోకరించి ప్రార్థించాము కూడా. తరువాత ఆ కార్డు బైబిలులో పెట్టి మరచిపోయాము. బిడ్డ ఆ వారములోనే చనిపోయాడు. తోట గట్టున రైతు చూపించిన చోట పాతిపెట్టారు. పాస్టరు లేడు. తండ్రే సండే స్కూలులో నేర్చుకున్న పరలోక ప్రార్థన చెప్పాడట. "మధ్యలో మరిచిపోయినా. మళ్లీ మొదటికాడ నుంచి చెప్పినా" అని తల వంచుకొని అన్నాడు.

అవ్వ మా వైపు చూసి, "బుధవారం నా మనవడి కోసరం మోకాళ్లేస్తిరి. ఆదివారం వాళ్ల నాయన పేరు కొడితిరి. ఆ రెండూ ఒకే ఇల్లని మీకు తెలవకపాయె గదమ్మా" అన్నది.

ప్రియులారా, ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. పింఛను అర్జీలు వ్రాశాము, జీపులో ఆసుపత్రికి తీసుకొని వెళ్లాము, అన్నీ చేశాము గాని, మన మంద ఎక్కడ ఉన్నది, ఏ గట్టున పడుకున్నది అని ఒక్కసారి వెళ్లి చూడలేదు. తప్పిపోయిన గొఱ్ఱెను వెదకిన కాపరిని గూర్చి ఎన్ని ప్రసంగములు చేశామో! మా గొఱ్ఱెలు తప్పిపోలేదు, మేత కోసము వెళ్లాయి. మేము వెదకుటకు బదులు లెక్కలో నుండి తీసివేశాము.

మరుసటి ఆదివారము సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొని, తొమ్మిది కుటుంబముల పేర్లు తిరిగి వ్రాశాము. అందరూ సంతోషించారని వ్రాస్తే అబద్ధమవుతుంది. ఒక పెద్ద లేచి, "అయ్యగారూ, కట్టడ మీరే తీసేస్తే రేపు ఎవరు లెక్క చేస్తారు? త్రాగుబోతు కూడా పనికి పోయినానంటాడు" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయము ఉన్నది. క్రమశిక్షణ లేని సంఘము కంచె లేని చేను వంటిది. అయితే కంచె వేసేది పైరును కాపాడుటకే గాని, పెరికి పారవేయుటకు కాదు గదా!

అప్పుడు మేము సెమినరీలో చదువుకున్న మన తెలుగు బాప్తిస్టు సంఘముల చరిత్రను పెద్దలకు జ్ఞాపకము చేశాము. 1866లో క్లౌ దొరగారి చేత బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్యగారు ఒంగోలుకు పడమర, తాళ్లకొండపాడు వాస్తవ్యుడు. తోళ్ల వర్తకము చేసేవాడు. ఆయన సువార్త మొదట విన్నది తన ఊరిలో కాదు, వర్తకము మీద ఉత్తరదేశము వెళ్లినప్పుడు. బ్రతుకు తెరువు కోసము ఊరు విడిచిన మనిషి ద్వారానే ఈ మెట్ట ప్రాంతమునకు సువార్త వచ్చింది. 1876 నుండి 1878 వరకు గొప్ప కరవు వచ్చినప్పుడు, క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము పనిని గుత్తకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని కల్పించారు. బోధకులు ఆ పనికి మేస్త్రీలుగా ఉండి, విశ్రాంతి వేళ కూలివారి మధ్యనే కూర్చొని వాక్యము చెప్పారు. తిండి కోసము మతములో చేరారను మాట రాకూడదని, కరవు కాలములో దొరగారు బాప్తిస్మములు ఆపివేశారు. కరవు తీరిన పిమ్మట, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ గుండ్లకమ్మ పుట్టింది మన నల్లమలలోనే. మన తాత ముత్తాతల సంఘము కూలి జనము మధ్యనే పెరిగింది. మనము మాత్రము కూలికి పోయిన వారిని పరాయివారిని చేయుచున్నాము.

ఆ పెద్ద కొంతసేపు మౌనముగా ఉండి, "అయితే ఎవరు యాడికి పోయినారో వ్రాసుకుందాం" అన్నారు. ఆ దినము నుండి రిజిస్టరులో ఒక కొత్త గడి చేరింది: ఎక్కడ ఉన్నారు? ఏ ఊరు, ఏ మేస్త్రి, ఏ రైతు తోట. అడ్డము చెప్పిన ఆయనే ఇంటింటికి తిరిగి ఆ గడి నింపారు.

1996 ఫిబ్రవరిలో మేమిద్దరమూ బస్సెక్కి మాచర్ల మీదుగా పల్నాడు వెళ్లాము. అప్పుడది గుంటూరు జిల్లా. 2022 నుండి పల్నాడు వేరే జిల్లా అయింది. చీకటి పడే వేళకు తోట చేరాము. కల్లములో మిరపకాయలు ఎఱ్ఱగా ఆరబోసి ఉన్నాయి. మమ్మును చూసి మనవాళ్లు నమ్మలేదు. "అయ్యగారు వచ్చినాడు, అమ్మగారు వచ్చినాది" అని పిల్లలు గుడిసె గుడిసెకు పరుగెత్తారు. రైతు లాంతరు ఇచ్చాడు. ఆ ఘాటుకు పాట ఎత్తుకుంటే దగ్గు, ప్రార్థన మొదలుపెడితే తుమ్ములు. అందరికీ నవ్వు వచ్చింది. ప్రభువు బల్ల ఇచ్చేటప్పుడు ఆ చేతులను చూశాము. నూనె రాసుకున్నా మంట ఆరని వ్రేళ్లు. వారితో చేతులు కలిపి, తెలియక కండ్లు తుడుచుకున్నాము. ఇక చూడాలి మా అవస్థ! నీళ్లు తెచ్చి కండ్లు కడిగినది ఆ అవ్వ కోడలే. మరునాడు ఉదయము ఆమె, ఆమె భర్త మమ్మును పోయిన ఏటి తోట గట్టుకు తీసుకొని వెళ్లారు. అక్కడ ఒక రాయి మాత్రము ఉన్నది. ఏడాది ఆలస్యముగా ప్రార్థన చేశాము.

తరువాత మేము యర్రగొండపాలెంలో ఉన్నన్ని సంవత్సరములు, కోతల కాలములో పదిహేను దినములకు ఒకసారి ఏదో ఒక తోటకు వెళ్లాము. కానుక పెట్టె నిండలేదు. కొన్ని కుటుంబములు మా మీద మనస్సు విరిగి వేరే ప్రార్థన మందిరమునకు వెళ్లిపోయాయి, తిరిగి రాలేదు. వారిని మేము నిందించలేము. అవ్వ 2003లో ప్రభువునందు నిద్రించింది. ఆమె కొడుకు తరువాత సంఘ పెద్ద అయ్యాడు. మేము 2015లో విశ్రాంతి తీసుకొనేనాడు ఆ రిజిస్టరు అతని చేతికే ఇచ్చాము. 1995 నాటి పేజీ చించివేయుదుమా అని అడిగితే, "ఉండనీండి అయ్యగారూ, వచ్చే పాస్టరుగారు కూడా చూస్తాడు" అన్నాడు.

ఈ ప్రాంతమునకు కృష్ణ నీళ్లు తెచ్చుటకు 1996లోనే వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. రెండు సొరంగముల త్రవ్వకము ముగిసేసరికి 2024 వచ్చింది. ఈలోగా ఒక తరము మిరప తోటల మధ్యనే పెరిగి పెద్దదయింది. ఇప్పుడు మన బిడ్డలు కోతలకే గాక హైదరాబాదు, బెంగుళూరులలో కట్టుబడి పనులకూ వెళ్లుచున్నారు. అందరి చేతిలోనూ ఫోను ఉన్నది. కార్డు వ్రాయించవలసిన పని లేదు. అయినను ఫోను చేసి, "ఈ ఆదివారము ఎందుకు రాలేదు?" అని అడుగుట ఒకటి. "ఎక్కడ పడుకుంటున్నారు? పిల్లలకు ఒంట్లో బాగున్నదా?" అని అడుగుట వేరొకటి.

యౌవన సేవకులారా, మీ రిజిస్టరు తెరవండి. రాని వారి పేర్ల ఎదుట వారు ఎక్కడ ఉన్నారో వ్రాయండి. ఆ గడి నింపలేకపోతే, ఎఱ్ఱ సిరా ముట్టవద్దు. సంఘస్థులారా, పనికి వెళ్లేటప్పుడు తాళము చెవి ప్రక్కింటివారికి ఇచ్చినట్టే, వెళ్లే చోటు మీ పాస్టరుగారికి చెప్పి వెళ్లండి. ఆయన రాకపోతే, మా అవ్వవలె మజ్జిగ ఇచ్చి, ఉన్న మాట చెప్పండి.

కాపరులను కూడా వెదకి దిద్దే ప్రధాన కాపరికి మహిమ కలుగును గాక. ఆమేన్.