మాస్టారి హంపి

తెనాలిలో ఆ వీధి చివరి మందుల షాపుకి మాస్టారు నెలకోసారి వెళ్తారు. బీపీ మాత్రలు, మోకాళ్లకి రాసుకునే ఆయింట్‌మెంటు... అంతే. షాపు యజమాని ఒకప్పటి శిష్యుడే. కౌంటరు దగ్గర ఎవరున్నా సరే, ‘మా తెలుగు మాస్టారండీ. అష్టదిగ్గజాల పాఠం చెబుతుంటే భువనవిజయం కళ్లకి కట్టేది. ఊరికే చెప్పలేదు, హంపి వెళ్లి స్వయంగా చూసొచ్చి చెప్పారు’ అని గొప్పగా పరిచయం చేస్తాడు. మాస్టారు ఓ నవ్వు నవ్వి, చిల్లర జేబులో వేసుకుని వచ్చేస్తారు.

అసలు సంగతేంటంటే, మాస్టారు హంపి చూడలేదు.

1987లో ఎనిమిదో తరగతిలో ఓ కుర్రాడు లేచి ‘మీరు చూశారా మాస్టారూ?’ అని అడిగితే, ‘ఆ, చూశాను. కూర్చో’ అనేశారు. ఆ కుర్రాడే ఈ షాపు యజమాని. అక్కడితో ఆగినా బాగుండేది. మధ్యలో రాయలవారి సింహాసనం, చుట్టూ ఎనిమిది ఆసనాలు, ఫలానా వైపు పెద్దన, ఫలానా వైపు మన తెనాలి రామకృష్ణుడు అంటూ పిల్లల ముందు సభంతా పరిచేశారు. అందులో సగం సినిమా సెట్టింగుల్లోంచి వచ్చింది. మిగతా సగం ఆయన ఊహ. పాఠం బ్రహ్మాండంగా పండింది. దాంతో ఆ మరుసటేడూ అదే చెప్పారు, ఆ పై ఏడూ అదే. రిటైరయ్యేదాకా చెబుతూనే ఉన్నారు.

ఇప్పుడాయనకి డెబ్బై నాలుగు. సంక్రాంతి వెళ్లాక మోకాలి ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరు చెప్పారు. దీపావళికి హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకు ‘ఆపరేషన్‌కి ముందు అందరం కలిసి ఓ రెండు రోజులు ఎక్కడికైనా వెళ్లొద్దాం నాన్నా. గోవా? ఊటీ?’ అన్నాడు.

‘హంపి’ అన్నారు మాస్టారు, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే.

‘రాళ్లు చూడ్డానికి అంత దూరం ఎందుకండీ, మన కొండవీడు లేదూ?’ అని ఆవిడ వంటింట్లోంచి అననే అన్నారు. కానీ మనవరాలు అప్పటికే యాభై రూపాయల నోటు తీసి వెనక్కి తిప్పింది. 2017లో వచ్చిన ఆ నీలం నోటు మీద ఉన్నది హంపి రాతిరథమే. ఓటింగ్ పూర్తయినట్టే!

ఇక ప్లానింగు. తెనాలి నుంచి హంపి కష్టమేమీ కాదు. గుంటూరు వెళ్లి రాత్రి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా పొద్దున్నే హోసపేటలో దిగొచ్చు. అక్కడి నుంచి హంపి పదమూడు కిలోమీటర్లు. శుక్రవారం రాత్రి ఎక్కితే శని, ఆదివారాలు చేతిలో ఉంటాయి. డిసెంబరైతే ఎండ బాధ కొంత తక్కువ. టికెట్లు దొరికాయి.

కొడుకు ఆఫీసు అలవాటు కొద్దీ ల్యాప్‌టాప్‌లో ఓ పట్టిక తయారుచేశాడు. రెండు రోజుల్లో ఇరవై రెండు చోట్లు! శనివారం తెల్లవారుజామున మాతంగ పర్వతం మీద సూర్యోదయంతో మొదలు. రైలు అప్పటికి హోసపేట చేరదన్న సంగతి పట్టికకి తెలియదు. ఆదివారం ఉదయం నది దాటి ఆనెగొంది వైపు అంజనాద్రి, 575 మెట్లు. బస కోసం ఎప్పుడో కాలేజీ రోజుల్లో స్నేహితుడు చెప్పిన విరూపాపుర గడ్డె రాసుకున్నాడు. అక్కడి రిసార్టుల్ని సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లో కూల్చేశారు. పదేళ్ల కిందటి సలహాలతో ప్రయాణం కట్టేవాళ్లు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

కోడలు పట్టిక చూసి ఒకటే అడిగింది. ‘ఇందులో మామయ్యగారు నడవగలిగేవి ఎన్ని?’

జవాబు లేదు. ఆమె పెన్సిల్ తీసుకుంది. మాతంగ పర్వతం కొట్టేసింది. అంజనాద్రి కొట్టేసింది. హనుమంతుడు పుట్టింది అక్కడేనని కర్ణాటక వాళ్లంటారు, కాదు మా తిరుమల కొండల్లోని అంజనాద్రేనని తితిదే 2021లో ప్రకటించింది. ‘ఆ గొడవ తేలాక చూద్దాంలే’ అని మాస్టారే ఆ గీతకి ఒప్పుకున్నారు. ఇరవై రెండు తొమ్మిదయ్యాయి. కొడుకు మొహం చిన్నబోయింది. ఇంతకీ హంపి అంటే ఓ గుడి, ఓ కోట కాదు. 1336 నుంచి 1565 దాకా ఓ సామ్రాజ్యానికి రాజధాని. రాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ దీన్ని రోమ్ నగరంతో పోల్చాడు. అంత ఊరిని శని, ఆదివారాల్లో చుట్టేద్దామనుకోవడం మనకున్న తొందర. ఏం చూడాలన్నది కాకుండా ఏం వదిలేయాలన్నది ముందు తేల్చుకుంటే ఇంట్లో సగం తగాదాలు ఉండవు.

మిగిలిన తొమ్మిదింటినీ ఆమె చక్కగా సర్దింది. విఠలాలయానికీ, లోటస్ మహల్ ఉన్న అంతఃపుర ప్రాంగణానికీ ఒకటే టికెట్టు, అదీ ఆ ఒక్కరోజే చెల్లుతుంది. కాబట్టి రెండూ శనివారానికే. విఠలాలయం దగ్గర కార్లు ఆపేచోటు నుంచి గుడిదాకా బ్యాటరీ బండ్లు ఉంటాయి కాబట్టి మోకాళ్లకి భయం లేదు. ఆదివారం ఉదయం విరూపాక్షుడి దర్శనం. గుడి వెనక చీకటి గదిలో రాజగోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది. సైన్సు పుస్తకంలోని పిన్‌హోల్ కెమెరా అన్నమాట. అది మనవరాలి కోసం. ఆ తర్వాత కృష్ణాలయం, ఉగ్రనరసింహుడు, బడవిలింగం. మధ్యాహ్నం భోజనాలయ్యాక సామాన్లు సర్దుకోవడమే.

‘మీకింకేమైనా కావాలా మామయ్యగారూ?’

‘భువనవిజయం’ అన్నారాయన.

కొడుకు మ్యాపులో వెతికాడు. రెండోసారి వెతికాడు. ‘భువనవిజయం అని ఎక్కడా లేదే నాన్నా?’

మాస్టారు ఏమీ మాట్లాడలేదు. తెలుగులో ఎమ్మే చేసిన మనిషి. ఎనిమిది మంది కవులూ ఒకే సభలో కూర్చున్నారన్నది చరిత్రకి పూర్తిగా నిలవని మాటని ఆయనకి తెలుసు. పింగళి సూరన, రామరాజభూషణుడు రాయల తర్వాతివారని, మన రామకృష్ణుడిది కూడా ఆ తర్వాతి కాలమేనని వాదించే పండితుల పుస్తకాలు ఆయన అలమారలోనే ఉన్నాయి. ఎనిమిదో తరగతికి ఇవన్నీ ఎందుకని చెప్పలేదు. చెప్పకపోవడం వేరు, చూశానని చెప్పడం వేరు కదా! ఆ రాత్రి అందరూ పడుకున్నాక మంచినీళ్ల కోసం లేచిన కోడలికి, వరండాలో కూర్చున్న మామగారు కనిపించారు. ఎవరికీ చెప్పని ఆ సంగతి ఆమెకి చెప్పారు. ‘వాడు అందరి ముందూ అలా పొగుడుతుంటే తలెత్తలేకపోతున్నానమ్మా’ అన్నారు.

ఆమె ఓదార్చబోలేదు. పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. రాజప్రాంగణంలో మహానవమి దిబ్బకి దగ్గర్లోనే ఓ సభామంటపం ఉంది. పది వరసల్లో పదేసి చొప్పున వంద స్తంభాల మంటపం. ఇదే భువనవిజయం అని తేల్చిచెప్పే ఆధారమేదీ లేదు. కానీ ప్రభువు కొలువుతీరిన చోటని చరిత్రకారులు దీన్నే చెబుతారు. పట్టికలో శనివారం మొదటి గడిలో ఆమె ‘మామయ్యగారి చోటు’ అని రాసింది. పక్కన ఎంతసేపు అన్న గడి ఖాళీగా వదిలేసింది.

రైల్లోకి నాయనమ్మగారి పులిహోర, పెరుగన్నం వచ్చాయి. వాటితోపాటు మడతపెట్టే చిన్న స్టూలు కూడా వచ్చింది. ‘అక్కడ కూడా ఇదేనా?’ అని కొడుకు విసుక్కున్నాడు. హంపిలో దిగిన గంటకే దాని విలువ తెలిసొచ్చింది. రాజప్రాంగణమంతా బట్టబయలు. నీడనిచ్చే చెట్టు దూరంగా ఎక్కడో ఉంటుంది. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు గొడుగు, మంచినీళ్లు, ఇలాంటి స్టూలు ఒకటి మర్చిపోకూడదు.

మంటపం అనుకున్న చోట మంటపం లేదు. ఎత్తయిన అరుగు. దాని మీద వరసగా రాతి దిమ్మెలు. ఒకప్పుడు వాటి మీద నిలబడిన స్తంభాలు చెక్కవి. 1565 యుద్ధం తర్వాత దోపిడీలో, మంటల్లో రాజధానిలోని చెక్క కట్టడాలు పోయాయి, రాళ్లు మిగిలాయి. గుళ్లు రాతివి కాబట్టి నిలిచాయి. రాజుగారి భవనాల్లో చాలావాటికి పునాదులే గతి. పక్కనే నల్లరాతి మెట్ల పుష్కరిణి, 1980ల తవ్వకాల్లో బయటపడింది. మెట్ల రాళ్ల మీద ఏ రాయి ఎక్కడ పెట్టాలో శిల్పులు వేసుకున్న గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. టూరిస్టులంతా దాని చుట్టూ చేరి ఫొటోలు దిగుతున్నారు. దిమ్మెల వైపు ఎవరూ రావడం లేదు.

మాస్టారు కర్ర ఆనించుకుంటూ ఒక్కో వరసా లెక్కపెట్టారు. పది. మళ్లీ పది. ఎండ ఎక్కుతోంది. కొడుకు వాచీ చూసుకున్నాడు, కోడలు చూడొద్దన్నట్టు సైగ చేసింది.

‘తాతయ్యా, తెనాలి రామకృష్ణుడు ఎక్కడ కూర్చునేవాడు?’ అని అడిగింది మనవరాలు.

‘తెలీదమ్మా.’

‘మరి పెద్దన?’

‘అదీ తెలీదు. అసలు ఇక్కడో కాదో కూడా తెలీదు’ అని స్టూలు వేయించుకుని కూర్చున్నారు. పాపని పక్కన నిలబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. చెక్క స్తంభాలెలా ఉండేవో, పైకి మెట్లుండేవనడానికి ఇక్కడేం ఆనవాలు మిగిలిందో, ఏది తెలుసో, ఏది జనం చెప్పుకున్నదో విడదీసి మరీ చెప్పారు. రెండు గంటలు పట్టింది. తొమ్మిదిలో మరో రెండు చోట్లు ఎగిరిపోయాయి. ఈసారి కొడుకు కూడా ఏమనలేదు.

సాయంత్రం విఠలాలయంలో యాభై నోటు చేత్తో పట్టుకుని రథం ముందు ఫొటో దిగడం సరేసరి. ఆదివారం విరూపాక్షుడి దర్శనం బాగా జరిగింది. ఉగ్రనరసింహుడి ముందు ఆవిడ చాలాసేపు దండం పెట్టుకున్నారు. మాస్టారికి నచ్చింది కృష్ణాలయం. నెల్లూరు జిల్లా ఉదయగిరిని గెలిచిన రాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తెచ్చి ప్రతిష్ఠించడానికి కట్టించిన గుడి అది. ఇప్పుడు గర్భగుడిలో దేవుడు లేడు. ఆ విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది. ‘మనూళ్ల నుంచి వచ్చినాయన, ఇంకో ఊరు పోయాడు’ అన్నారు.

సోమవారం తెనాలి చేరాక ఓ కునుకు తీసి, సాయంత్రం మందుల షాపుకి వెళ్లారు. మాత్రలు ఇంకా పదిరోజులకి సరిపడా ఇంట్లోనే ఉన్నాయి. షాపులో ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకుని కూడా ఆగలేదు.

‘హంపి వెళ్లొచ్చానురా.’

‘మళ్లీ వెళ్లారా మాస్టారూ!’

‘మళ్లీ కాదురా. ఇదే మొదటిసారి. అప్పుడు మీకు అబద్ధం చెప్పాను.’

శిష్యుడు చేతిలోని మాత్రల అట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత కౌంటరు పలక పైకెత్తి లోపలికి దారిచ్చాడు. తన కుర్చీ దుమ్ము దులిపి ముందుకి జరిపాడు.

‘అయితే ఎనిమిది ఆసనాలు లేవా మాస్టారూ?’

‘వంద రాళ్లున్నాయిరా. టీ చెప్పు, చెబుతాను.’